మంచె మీద మూడో తోడు



తూర్పు కనుమల మడతల్లో, సీలేరు ఒడ్డున ఉన్న డొంకరాయికి యంత్రం కొత్త చుట్టం కాదు. ఎగువన మాచ్‌ఖండ్‌లో 1955లోనే టర్బైన్లు తిరగడం మొదలైంది. ఆ తర్వాత ఎగువ సీలేరు, దిగువ సీలేరు కేంద్రాలు వచ్చాయి. రెండింటి నడుమ డొంకరాయి జలాశయం, దాని కింద 25 మెగావాట్ల పవర్‌హౌస్. ఎగువ సీలేరులో కరెంటు తీసి వదిలిన నీళ్లే డొంకరాయిలో నిలుస్తాయి. అక్కడ మరోసారి పనిచేసి, కాలువ పట్టుకుని పొల్లూరు దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రానికి చేరతాయి. అక్కడి నుంచి శబరిలోకి, శబరితో పాటు కూనవరం దగ్గర గోదావరిలోకి. మెట్టుమెట్టుకీ పని చేస్తూ దిగే నీరు ఇది.

ఇన్నేళ్ల సహవాసం ఉన్నా ఆ యంత్రాలు కొండవాళ్లకు నేస్తాలు కాలేదు. టవర్ లైన్లు గూడేల నెత్తి మీదుగా మైదానానికి సాగిపోయాయి. ఆ తీగల కిందే ఉన్న చాలా గూడేలు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్లతోనే పొద్దు గడిపాయి. అందుకే మనిషీ, రోబో, మూగజీవీ స్నేహంగా కలిసి బతికే కాలం వస్తోందన్న మాట హైదరాబాదులో వినిపించినట్టు డొంకరాయిలో వినిపించదు. ఇక్కడ ముందు పుట్టే ప్రశ్నలు వేరు. ఆ మర ఎవరి తరఫున వస్తోంది? వానాకాలంలో పాడైతే దాన్ని చూసేదెవరు?

ఆ ప్రశ్నలను గట్టిగా పట్టుకుని చూస్తే, రాబోయే రోజుల గురించి నగరాల్లో జరిగే చర్చ కంటే ఎక్కువ సంగతులు తేలతాయి.

ముందు పాత స్నేహం సంగతి చూద్దాం. కొండవాలు పోడులో సామలు, చోళ్లు, కందులు, జొన్న వేస్తారు. గింజ పాలు పోసుకునే రోజుల నుంచి పంట ఇల్లు చేరేదాకా రాత్రి కాపలా తప్పదు. నాలుగు గుంజల మీద మంచె, పైన ఆకుల కప్పు, కింద నెగడు, నెగడు పక్కన కుక్క. అడవిపంది వస్తే ఆ కుక్క ఒక తీరున మొరుగుతుంది, కొత్త మనిషి వస్తే మరో తీరున. మంచె మీద పడుకున్నవాడు కళ్లు తెరవకుండానే వచ్చిందేమిటో చెప్పగలడు. ఎలుగు వాసన తగిలితే కొన్ని కుక్కలు మొరగడం మానేసి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మంచె కిందికి చేరి సన్నగా గుర్రుమంటాయి. ఆ గుర్రు అర్థం కాని కాపలాదారు డబ్బా వాయిస్తూ కిందికి దిగాడా, ప్రాణం మీదికి వచ్చినట్టే. ఈ భాషను ఏ బడీ నేర్పదు. ఒకే గిన్నెలోని అంబలిని పంచుకుని, ఒకరి గాయానికి ఒకరు కాపు కాసి, ఏళ్ల తరబడి కలిసి నడిచిన మీదట వచ్చిన చదువు అది.

ఇప్పుడు ఆ మంచె దగ్గరికి మూడో తోడు వస్తోంది. మైదానంలో పొలం గట్ల మీద ఇప్పటికే సోలార్ దీపాలు, కదలికను పసిగట్టి కూత పెట్టే పెట్టెలు కనిపిస్తున్నాయి. కెమెరా ముందుకు వచ్చింది పందో మనిషో తేల్చుకుని ఫోనుకు కబురు పంపే పరికరాలూ తయారయ్యాయి. కాకపోతే అడవి జంతువుకు బుర్ర ఉంది. ఒకే కూత, ఒకే వెలుగు పది రాత్రులు వరసగా వస్తే దాని వల్ల తనకు ఏ హానీ లేదని కనిపెట్టేస్తుంది. మనిషి అలా కాదు, ఒక రాత్రి డబ్బా కొడతాడు, ఇంకో రాత్రి కొరివి విసురుతాడు, మరో రాత్రి కుక్కను ఉసిగొల్పుతాడు. జంతువుకు అంచనా దొరక్కుండా ఉండటమే కాపలాలో అసలు విద్య. మర ఇంకా ఆ విద్య నేర్చుకునే దశలోనే ఉంది.

ఈ విషయంలో ఏనుగు ఇచ్చిన పాఠం గొప్పది. కెన్యాలో పరిశోధకురాలు లూసీ కింగ్, ఆమె సహచరులు 2007లో ఒక సంగతి ప్రకటించారు. రేగిన తేనెటీగల రొదను రికార్డు చేసి వినిపిస్తే ఏనుగుల గుంపులు వెనక్కి తిరిగి పరుగు తీస్తున్నాయి. అంత పెద్ద జంతువుకు తొండం లోపలా, కంటి చుట్టూ కుట్టే ఈగంటే హడలు. ఆ తర్వాత పొలాల చుట్టూ తేనెపెట్టెల కంచెలు కట్టారు. మన దేశంలో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2021 మార్చిలో కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఇదే పద్ధతి మొదలుపెట్టింది. ఏనుగు దూరంగా ఉంటుంది, రైతుకు తేనె మిగులుతుంది, పువ్వుకు పరాగం అందుతుంది. అటు తూర్పు ఆఫ్రికాలోని మారా ప్రాంతంలో అటవీ సిబ్బంది ఏనుగులను పొలాల నుంచి మళ్లించడానికి డ్రోన్లు ఎగరేశారు, ఏనుగులు జడిసి అడవి దారి పట్టాయి. డ్రోను రొద తేనెటీగల రొదలా తోచడమే ఇందుకు కారణం కావచ్చని అక్కడివారి ఊహ. ఆ ఊహే నిజమైతే, మనిషి చేసిన యంత్రం ఒక పురుగు గొంతును అరువు తెచ్చుకుని మనిషికీ ఏనుగుకీ మధ్య తగవు తీరుస్తోందన్నమాట. ఇంతకంటే విచిత్రమైన ముగ్గురి పొత్తు కథల్లో కూడా దొరకదు.

తేనెటీగల సంగతి ఈ కొండలకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ కొంటున్న అటవీ ఫలసాయాల్లో తేనెది పెద్ద పీట. ఒకప్పుడు పొగబెట్టి పట్టు మొత్తం కోసేసేవారు. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు తేనె సేకరించేవారికి కొత్త పద్ధతి నేర్పాయి. తేనె ఉన్న భాగాన్నే కోసి, పిల్లలున్న భాగాన్ని అలాగే వదిలేస్తే ఈగలు చావవు, అదే పట్టుకు మళ్లీ తేనె ఊరుతుంది. ఎదుటి ప్రాణికి దాని వాటా వదలడమన్నది అడవిలో స్నేహానికి మొదటి మెట్టు. యంత్రాలు చేసేవారికి ఈ ఒక్క నియమం ఎక్కితే చాలా చిక్కులు తప్పుతాయి.

ఆ నియమం తప్పినప్పుడు ఏమవుతుందో పార్వతీపురం మన్యం జిల్లా చూసింది. 2023 మే 12న భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. ఒడిశా వైపు నుంచి వచ్చి సంవత్సరాలుగా ఆ ప్రాంతంలో తిరుగుతున్న గుంపు అది. వాటి వల్ల పంటలు పోయాయి, మనుషులూ చనిపోయారు, ఆ ఊళ్ల బాధ చిన్నది కాదు. అయినా ఆ ఉదయం పొలాల్లో పడి ఉన్న కళేబరాల చుట్టూ చేరిన జనం పసుపు కుంకుమలు తెచ్చారు, చేతులు జోడించారు. తగవులో ఉన్న ఇరుగుపొరుగు మధ్య కూడా ఇలాంటి మమకారం బతికే ఉంటుంది.

తమిళనాడు అటవీశాఖ కోయంబత్తూరు దగ్గరి మధుక్కరై అడవిలో 2024 ఫిబ్రవరిలో వేరే దారి తొక్కింది. రైలు పట్టాల వెంబడి 12 టవర్లు నిలిపి, వాటికి మామూలు కెమెరాలతో పాటు వేడిని చూసే కెమెరాలు బిగించింది. ఏనుగు పట్టాలకు నూరడుగుల దూరంలోకి వస్తే చాలు, కంప్యూటరు గుర్తుపట్టి రైల్వే, అటవీ సిబ్బందికి హెచ్చరిక పంపుతుంది, రైలు వేగం తగ్గుతుంది. ఈ ఏర్పాటులో ఏనుగు మెడకు పట్టీ లేదు, దానికి శిక్షణ లేదు, దాని దారి దానిదే. మారాల్సింది రైలు. యంత్రం మూగజీవికి నేస్తం కావడమంటే ఇదీ అని చూపించదగ్గ ఉదాహరణ.

కేరళలోని త్రిస్సూరు జిల్లాలో ఇంకో అడుగు పడింది. ఇరింజాడప్పిళ్లి శ్రీకృష్ణ ఆలయానికి 2023 ఫిబ్రవరిలో మర ఏనుగు వచ్చింది. పేరు ఇరింజాడప్పిళ్లి రామన్, ఎత్తు దాదాపు 11 అడుగులు, బరువు 800 కిలోలు. తల ఊపుతుంది, చెవులు ఆడిస్తుంది, తొండంతో నీళ్లు చిమ్ముతుంది, నలుగురిని వీపున మోస్తుంది. బాణసంచా మోతల్లో గొలుసులతో గంటల తరబడి నిలబడే బాధ నుంచి నిజం ఏనుగుకు విముక్తి దొరికింది. ఆచారం చెడిందని నొచ్చుకున్నవారూ ఉన్నారు. కానీ ఆ ఆలయం పూజ ఆపలేదు, ఉత్సవం ఆపలేదు, ఒక ప్రాణి నొప్పిని మాత్రం ఆపింది. మరో పక్క, కర్ణాటక ప్రభుత్వం 2025 మే 21న ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. రంజన్, దేవా, కృష్ణ, అభిమన్యు. పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో వాటికి చోటిచ్చారు. అడవి ఏనుగును పొలాల నుంచి మళ్లించడానికి శిక్షణ పొందిన ఏనుగు కావాలి, ఆ ఏనుగుకు మావటి కావాలి. ఈ పని ఇప్పట్లో మర చేయలేదు. ఉత్సవంలో నిలబడే పనికి మర సరిపోతుంది. ఏ పనికి ఎవరు తగినవారో ఇలా విడదీసి చూడటం అలవాటైతే, యంత్రాలొచ్చి అందరి చోటూ ఆక్రమిస్తాయన్న భయం సగానికి తగ్గుతుంది.

తెలుగు నేల మీద మనిషి, కుక్క, రోబో ఒకే పని మీద ఒకే చోట నిలబడిన ఘట్టం చూడాలంటే నల్లమల వెళ్లాలి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అడవికి భంగం రాకూడదని మధ్యలో పక్క దారులు తవ్వలేదు. పేలుళ్ల జోలికి పోకుండా టన్నెల్ బోరింగ్ మెషిన్‌తో తొలుచుకుంటూ వెళ్లారు. అంటే లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఒకటే దారి. పైనున్న పులికి ఇచ్చిన మాటకూ, కింద పనిచేసే కూలీ ప్రాణానికీ మధ్య ఎంత బిగువైన ముడి ఉందో ఆ రోజు తెలిసింది. ఆ మాట ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చినప్పుడు కింద ఉన్నవాళ్ల గురించి అంతే జాగ్రత్తగా ఆలోచించాల్సింది.

సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి గని రక్షక బృందాలు వచ్చాయి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మందిని చేరడానికి చివరి గజాలు చేత్తో తవ్విన ర్యాట్‌హోల్ మైనర్లూ వచ్చారు. భూమి లోపలికి చూసే రాడార్ తెచ్చారు. లోపల బురద, నీటి ఊట, వంగిపోయిన ఇనుము. మార్చి మొదటి వారంలో కేరళ పోలీసుల దగ్గర నుంచి మాయ, మర్ఫీ అనే రెండు బెల్జియన్ మాలినోయిస్ కుక్కలు దిగాయి. మట్టి అడుగున ఉన్న మానవ దేహాన్ని వాసనతో పట్టే శిక్షణ వాటిది. వయనాడులో కొండచరియలు విరిగిపడిన చోట కూడా పనిచేసి వచ్చినవి. లోకో రైలు ఎక్కించి వాటిని ఆ చీకట్లోకి తీసుకెళ్లారు. అవి కొన్ని చోట్ల ఆగి, అక్కడే మళ్లీ మళ్లీ తిరిగి జాడ చూపాయి. అవి చూపిన చోట తవ్వగా మార్చి 9న ఒక దేహం దొరికింది. ఆ తర్వాత మనుషులను పంపితే పైకప్పు మళ్లీ కూలే ప్రమాదం ఉన్న చివరి భాగం కోసం హైదరాబాదుకు చెందిన అన్వి రోబోటిక్స్ యంత్రాలను దించారు. దూరం నుంచి నడిపే రోబో, బురదను లాగేసే వాక్యూమ్ పంపులు. మార్చి 25న రెండో దేహం బయటపడింది. మిగిలిన ఆరుగురు దొరకలేదు. ఏప్రిల్‌లో గాలింపు ఆగింది.

ఈ కథలో గెలుపు లేదు. కానీ ముగ్గురిలో ఎవరు ఏం చేయగలిగారో, ఎవరి చేతిలో ఏముందో ఇంత స్పష్టంగా చూపించిన సందర్భం మరొకటి లేదు. జాడ కుక్క ముక్కుకు తెలిసింది. ఆ జాడను చదివింది దాన్ని పెంచిన పోలీసు. మనిషి ప్రాణం పణంగా పెట్టలేని చోటికి మరను పంపారు. దేహాన్ని రెండు చేతులతో ఎత్తి, స్ట్రెచర్ మీద పెట్టి, ఇంటికి పంపింది మనిషి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరిని తీసేసినా ఆ రెండు కుటుంబాలకు తమవారి కడసారి చూపు దక్కేది కాదేమో.

శిక్షణ లేని కుక్క కూడా ఈ పని చేసిన ఘట్టం ఉంది. 2020 ఆగస్టు 6 రాత్రి కేరళ ఇడుక్కి జిల్లా పెట్టిముడిలో తేయాకు కూలీల ఇళ్ల మీద కొండ విరిగిపడి 70 మంది పోయారు. కువి అనే పెంపుడు కుక్క రోజుల తరబడి తిండి ముట్టకుండా తిరిగింది. చివరికి తన ఇంటి పసిపాప దేహం ఏటిలో చిక్కుకున్న చోటు దగ్గర ఆగి, నీటి వైపే చూస్తూ నిలబడింది. పోలీసు జాగిలాల దళం వారు దాన్ని కొన్నాళ్లు చేరదీశారు, తర్వాత ఆ ఇంటి ముసలావిడ దగ్గరికి తిరిగి పంపారు. రోబోల ముక్కు ఎంత పదునెక్కినా, వెతకమని ఎవరూ చెప్పకుండా వెతికే గుణం దానికి ఎక్కడి నుంచి వస్తుంది?

మరి మనిషి సంగతి? మనిషికి మాత్రం మర మీద ప్రేమ పుడుతుంది, ఇందులో సందేహం లేదు. బాంబులు తీసే రోబోలతో పనిచేసిన అమెరికా సైనికుల్లో 23 మందితో జూలీ కార్పెంటర్ మాట్లాడి, 2013లో తన పరిశోధన వెలువరించారు. వాళ్లు తమ రోబోలకు పేర్లు పెట్టారు. రోబో ధ్వంసమైతే కోపం, దుఃఖం కలిగాయని చెప్పారు. జపాన్‌లో సోనీ 1999లో ఐబో అనే మర కుక్కను అమ్మకానికి పెడితే మొదటి 3,000 బొమ్మలు 20 నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపారు. 2014లో మరమ్మతు కూడా ఆపేశారు. వాటితో పదేళ్లకు పైగా గడిపిన వృద్ధులకు అది పిడుగుపాటు. సోనీలో పనిచేసి మానేసిన కొందరు ఇంజనీర్లు ఒక చిన్న కంపెనీ పెట్టి, పాడైపోయిన ఐబోల భాగాలు తీసి బతికి ఉన్నవాటికి అమర్చారు. భాగాలు ఇచ్చే మర కుక్కలకు ముందు చిబా ప్రాంతం ఇసుమిలోని కోఫుకుజీ బౌద్ధ ఆలయంలో అంత్యక్రియలు జరిపించేవారు. 2018 ఏప్రిల్‌లో ఒకే రోజు 114 మర కుక్కలను వరసగా పేర్చి, మెడలో యజమాని పేరున్న చీటీలు కట్టి, పూజారి మంత్రాలు చదివాడు.

దూరం నుంచి చూస్తే వింతగా తోస్తుంది గానీ, ఆ ముసలివాళ్ల దుఃఖం నూటికి నూరు పాళ్లు నిజం. బాగుచేసేవాడు లేకపోవడం వల్ల పుట్టిన దుఃఖం అది. నిజం కుక్క చనిపోతే ఆయువు తీరిందనుకుంటారు. మర కుక్క పోయింది కంపెనీ లెక్కల్లో గిట్టుబాటు కాక. పారో అనే సీల్ పిల్ల రోబో కథ ఇంతకంటే మేలు. తకనోరి షిబాటా అనే జపాన్ శాస్త్రవేత్త మతిమరుపు జబ్బున్న వృద్ధుల కోసం దాన్ని తయారుచేశారు. కుక్క, పిల్లి రూపం ఎందుకు ఇవ్వలేదంటే, అవి అందరికీ తెలిసినవి, నిజందానితో పోల్చి చూసి నిరాశపడతారు. సీల్ పిల్లను దగ్గరగా చూసినవారు తక్కువ. తెల్లటి బొచ్చు కింద స్పర్శ తెలిసే ఏర్పాటు ఉంది. నిమిరితే కళ్లు మూస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. 2009లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని వైద్య పరికరంగా అనుమతించింది. బతికున్న కుక్కలానే ఉంటానని నటించకపోవడంలోనే దాని మర్యాద ఉంది.

ఇక డొంకరాయికి తిరిగి వద్దాం. ఈ కొండల మీద ఎగిరే యంత్రం మొదట ఏ ముఖంతో పరిచయమైంది? గంజాయి తోటల జాడ కోసం పోలీసులు ఎగరేసిన డ్రోను రూపంలో. ఆ పని అవసరమే. గంజాయి ఈ కొండల యువకులను జైళ్ల పాలు చేసింది. కానీ ఒక గూడెం పిల్లలు నెత్తిన రొద వినగానే అడవిలోకి పరుగు తీసేలా మొదటి పరిచయం జరిగితే, రేపు అదే రొదతో మందులు వచ్చినా గుండె ముందు ఉలిక్కిపడుతుంది. వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న తెలంగాణ ప్రభుత్వం డ్రోన్లతో టీకాలు, మందులు పంపే ప్రయోగం ప్రారంభించింది. 2024 అక్టోబరులో మంగళగిరి ఎయిమ్స్ నూతక్కి ఆరోగ్య కేంద్రం నుంచి రక్త నమూనాను డ్రోను మీద తెప్పించుకుంది. ఆ సదుపాయం అందరికంటే ఎక్కువగా కావలసింది రోడ్డు లేని కొండలకు. నిండు గర్భిణిని ఇప్పటికీ కర్రకు కట్టిన డోలీలో మోసుకుని వాగు దాటించే గూడేలు ఏజెన్సీలో ఉన్నాయి. పాము కాటుకు విరుగుడు సూది, బాలింతకు రక్తం గాల్లో వచ్చిన మొదటి రోజు నుంచే కొండకు డ్రోను మీద నమ్మకం మొదలవుతుంది. అయితే డ్రోను మందే తెస్తుంది, మనిషిని మోయదు. డోలీ పట్టే నలుగురి భుజాలకు అది బదులు కాదు. డ్రోను వచ్చిందని రోడ్డు పని వాయిదా వేస్తే మాత్రం అంతకు మించిన అన్యాయం ఉండదు.

పశువుల విషయంలో మన దగ్గర ఒక మంచి నమూనా ఉంది. 1962కు ఫోన్ చేస్తే పశువైద్యుడు అంబులెన్సులో వస్తాడు. సిగ్నలు దొరికిన చోట, బండి వెళ్లగలిగిన చోట అది ఎద్దుకూ మేకకూ ప్రాణం పోస్తోంది. మరలకు కూడా అలాంటి నంబరు ఒకటి ఉండాలి. పోడు గట్టు మీద పెట్టిన కాపలా పెట్టె జూలై వానలో తడిసి మూగబోతే, దాన్ని డబ్బాలో పెట్టి బెంగళూరు పంపి మూడు నెలలు ఎదురుచూసేలోగా పంట పోతుంది. రంపచోడవరం, చింతపల్లి, పాడేరు లాంటి చోట్ల దాన్ని విప్పి బాగుచేయగల కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటేనే ఆ పెట్టె కొండకు పనికొస్తుంది. విడిభాగాలు సంతలో దొరకాలి. పెట్టెను విప్పితే వారంటీ పోతుందన్న షరతు ఉన్న యంత్రాన్ని ఏజెన్సీలో ఏ ప్రభుత్వ పథకం కిందా పంచకూడదు.

అడవిలో పనిచేసే యంత్రాలకు అడవి మనుషులు అవసరమన్నది పులుల గణన రుజువు చేసింది. 2018 గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు కట్టారు, దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులుల ఫొటోలు 76,651. ప్రపంచంలోనే అతిపెద్ద కెమెరా సర్వేగా గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇన్ని కోట్ల బొమ్మల్లోంచి జంతువులను వేరుచేసి, చారల తేడా బట్టి ఏ పులి ఏదో పోల్చింది కంప్యూటరు. కానీ కెమెరాను ఏ చెట్టుకు, ఏ ఎత్తున, ఏ బాట వైపు కట్టాలో కంప్యూటరుకు తెలియదు. నల్లమలలో అది తెలిసినవాళ్లు చెంచులు. డొంకరాయికి దిగువన పాపికొండల అడవుల్లో కొండరెడ్లకు అలాంటి తెలివే ఉంది. అడుగుజాడ చూసి అది ఆడదో మగదో, నిండు కడుపుతో ఉందో చెప్పే పెద్దలు కెమెరాలు వచ్చాయని పనికిరాని వాళ్లు కారు, వాళ్లు లేకపోతే కెమెరా గుడ్డిది. ఆ పనికి తగ్గ జీతం, హోదా వాళ్లకు ఇవ్వడం అటవీశాఖ బాధ్యత.

చివరగా మాట సంగతి. మంచె మీది పెట్టె మాట్లాడటం మొదలుపెడితే ఏ భాషలో మాట్లాడుతుంది? కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో ఆదివాణి అనే అనువాద సాధనాన్ని విడుదల చేసింది. దాన్ని ఐఐటీ ఢిల్లీ నాయకత్వంలో రూపొందించిన సంస్థల్లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ. తర్వాత విడతకు కుయి, గారో పేర్లు ప్రకటించారు. కుయికి అక్కచెల్లెలి వరస అయిన కువి, దాంతో పాటు గదబ, పోర్జ, కొండ భాషలు అరకు నుంచి సీలేరు దాకా ఇళ్లలో బతుకుతున్నాయి. ఈ భాషల్లో మూగజీవులతో మాట్లాడే మాటలు ప్రత్యేకం. ఎద్దును మలపడానికి ఒక పిలుపు, మేకలను వాగు దాటించడానికి ఒకటి, కుక్కను పంది మీదికి వదలడానికి ఒకటి, వదిలిన కుక్కను వెనక్కి రప్పించడానికి ఇంకొకటి. ఏ నిఘంటువులోనూ వీటికి చోటు దక్కదు, ఎందుకంటే వీటిలో సగం మాటలు కావు, నాలుక తాళం, ఈల, గొంతు విరుపు. రేపు మర ఈ కొండల్లో మనిషి మాటా కుక్క మాటా తెలుసుకుని మసలాలంటే వాటిని ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోవాలి. అందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వారానికోసారి జరిగే సంతలో ఒక చెట్టు కింద కూర్చోవడానికి చదువుకున్న ఇద్దరు గిరిజన యువకులు, మంచి మైకు ఒకటి, పశువులను తోలుకొచ్చే పెద్దలతో గడిపేంత తీరిక ఉంటే చాలు. ఆ పిలుపులు తెలిసినవాళ్లు ఇవాళ సంతకు వస్తున్నారు. వాళ్లలో చాలామందికి అరవై దాటింది.